గడప ముందటి బండలో కడలి

భిలాయి స్మృతి నగర్‌లోని మా యింటి గడప ముందు మెట్టుగా వేసిన ఫర్షీ బండ యొకటి కలదు. దానిపై కాళ్ళు కడుగుకొని, పండుగనాడు దానికి పసుపు రాచి, సాయంవేళ దానిపై నిలిచి వచ్చుపోవువారిని పలుకరించుచు గడపిన పాతికేండ్లలో, అది బండ గాక మఱియొకటి కావచ్చునన్న తలంపు మాలో నెవ్వరికిని పుట్టలేదు. బూడిదవన్నె గల యా రాతిపై, ఉల్లిగడ్డను అడ్డముగా కోసినప్పుడు కానవచ్చు చుట్లవలె, ఒకదానిలో నొకటి యిమిడిన వలయములు పది పండ్రెండు చోట్ల తేలియుండును. శ్రీకాకుళము సీమనుండి కొడుకు వెంట ఈ ఉక్కునగరమునకు వచ్చి, కడపటి దినములవరకు తన యూరి పలుకును తన యూరి ముగ్గును విడువని మా తల్లిగారు, ఆ చుట్లను పద్మములని నిశ్చయించి, వానిని తొక్కక, వాని చుట్టును చుక్కలు పెట్టి ముగ్గు కలిపెడివారు. ఆమె గతించిన తరువాత ముగ్గు చిన్నదైనది. పద్మములు మాత్రము అట్లే యున్నవి.

క్రిందటి మాఘమాసమున ఒకనాటి ఉదయమున, పొరుగింటివారి మనుమడు, తొమ్మిదేండ్లవాడు, ఆ బండపై బోర్లపడుకొని వ్రేలితో చుట్లను ఒక్కొక్కటిగా దిద్దుచు, "తాతయ్యా, ఇవి ఎవరు చెక్కారు?" అని యడిగెను. "ఎవరూ చెక్కలేదురా అబ్బీ, అవే పెరిగాయి" అని నేను చెప్పగా, "రాయి పెరుగుతుందా?" అని వాడు లేచి కూర్చుండెను. ఆనాడు వానికి చెప్పగలిగినది కొంత. చెప్పలేక, తరువాత నదుల గట్లపై వెదకి, తెలిసినవారి నడిగి, చదివి తెచ్చి చెప్పినది మఱికొంత.

నిజమునకు, ఆ మాత్రపు సమాధానమైనను నాకు చాలకాలము తెలియదు. కర్మాగారమున సింటర్ ప్లాంట్‌లో పనిచేసిన దినములలో, నందిని గనులనుండి వచ్చిన ఇదే రాయి టన్నులకొలది నా కన్నుల యెదుట బెల్టుపై సాగిపోయెడిది. దానిలో సున్న మెంత, సిలికా యెంత, తేమ యెంత అని మేము ప్రతి పాళికిని లెక్క వ్రాసితిమి. అది పుట్టిన దెట్లు అని ఒక్కనాడును అడుగలేదు. ఒక విరామ సమయమున, గనుల నెరిగిన పెద్ద యొకరు, పగిలిన రాతిముక్కను నా చేతిలో పెట్టి, దాని ప్రక్కమీది పొరలను చూపి, "ఇది నాచు కట్టిన ఇల్లు" అని చెప్పినప్పుడే, ఉద్యోగ విరమణకు రెండేండ్ల ముందు, నాకు మొదటిసారి కన్ను తెరచినట్లైనది.

శాస్త్రజ్ఞులు దీనిని స్ట్రొమాటొలైట్ అందురు. 1908లో కాల్కోవ్‌స్కీ యను జర్మను పండితుడు పొరలను సూచించు గ్రీకు పదమునుండి ఈ పేరును కల్పించెను. లోతు తక్కువైన వెచ్చని సముద్రపు అంచున, నీటి అడుగున, సైనోబాక్టీరియా యను కంటికి కానరాని ప్రాణులు, ఆ పెద్ద నాచన్నది వీనినే, పలుచని జిగురు పొరగా పరచుకొనును. ఆటుపోటులతో వచ్చిన సన్నని ఒండ్రు ఆ జిగురున కంటుకొనును. నీటిలోని సున్నము అచ్చటనే పేరుకొనును. వెలుతురు చాలక ఆ ప్రాణులు ఒండ్రును చీల్చుకొని పైకి ప్రాకి మరల నొక పొర పరచును. ఇట్లు పొరపై పొరగా, ఏండ్లు పూండ్లుగా, వేలిమందమున మొదలై మోకాలెత్తు వరకు, ఒక్కొక్కచోట మనిషి నిలువు వరకు, స్తంభములుగాను బొడిపెలుగాను పెరిగిన కట్టడములే ఇవి. నిలువుగా కోసినచో ఒకదానిపై నొకటి బోర్లించిన గిన్నెలవలెను, అడ్డముగా కోసినచో మా బండపై పద్మములవలెను కనబడును. ఇట్టివి నేటికిని సజీవముగా పెరుగుచున్న చోటులు లోకమున మిక్కిలి కొద్ది. ఆస్ట్రేలియా పశ్చిమతీరమున షార్క్ బే యను అఖాతము వానిలో ప్రసిద్ధము.

నందిని, అహివారా ప్రాంతపు సున్నపురాయి 'చండీ' అను పేరుగల శిలాశ్రేణికి చెందినది. ఛత్తీస్‌గఢ్ మైదానమంతయు నొకప్పుడు సముద్రమై యుండగా అడుగున పేరుకొన్న రాళ్ళలో ఇది యొకటి. దీని వయస్సు ఇంచుమించు నూరు కోట్ల సంవత్సరములు, లేక అంతకు మించినది. అప్పటికి నేలపై గడ్డిపరక లేదు, నీటిలో చేప లేదు, ఆల్చిప్ప లేదు, కన్నుగల ప్రాణి యనునదే లేదు. తెలుగువారి కిది పరాయి వింత యని తలపవలదు. కడప మండలమున వేంపల్లె చుట్టుప్రక్కల సున్నపు బండలలో ఇట్టి చుట్లే, ఇంతకంటెను ప్రాచీనములైనవి, గొఱ్ఱెల కాపరులు కూర్చుండు గట్లపైననే కనబడుచున్నవి.

దీని తరువాతి మాటయే నన్ను మిక్కిలి కదలించినది. ఉక్కు చేయుటకు బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఇనుపరాతితో పాటు సున్నపురాయియు వేయవలెను. అది వేడికి విడిపోయి సున్నమై, ముడిరాతిలోని ఇసుకను మట్టిని తనలో కలుపుకొని చిట్టెముగా తేలి, ఇనుమును శుద్ధిచేసి విడుచును. సోవియట్ యూనియన్‌తో 1955లో జరిగిన ఒప్పందము ననుసరించి కట్టిన ఈ కర్మాగారమున, 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన నాటినుండి ఎన్ని తరముల నాచు ఆ నిప్పులో కరగినదో ఎవరు లెక్కింతురు? అంతియే కాదు. దల్లీ-రాజహరా కొండలనుండి వచ్చు ఇనుపరాయి కూడ సముద్రపు బిడ్డయే. గాలిలో ప్రాణవాయువు లేని అతిప్రాచీనకాలమున ఇనుము సముద్రజలమున కరగియుండెడిదనియు, సూర్యకాంతితో బ్రదుకు సూక్ష్మజీవులు ప్రాణవాయువును విడువ నారంభింపగా ఆ ఇనుము తుప్పువలె అడుగునకు దిగి ఎఱ్ఱని చారలుగా పేరుకొన్నదనియు, భూవిజ్ఞానులలో పలువురు చెప్పుదురు. అట్లైనచో, భిలాయి కొలిమికి కావలసిన ఇనుమునకును సున్నమునకును మూలము కంటికి కానరాని ప్రాణులే. మూడు తరముల తెలుగు కుటుంబములు ఈ నగరమున తిన్న అన్నము ఆ ప్రాణుల పెట్టుబడి.

రాతిని గుర్తించు విద్య ఈ సీమకు ఎంత మేలు చేసినదో చెప్పక ముందునకు పోజాలను. 1887లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన ప్రమథనాథ బోసు ఈ రాజహరా కొండల ఇనుమును పరిశీలించి వ్రాసియుంచెను. 1903లో దోరాబ్జీ టాటా నాగపురమున, సచివాలయమున కెదురుగా నున్న వస్తుప్రదర్శనశాలలో ఒక భూగర్భపటమును చూచి, దుర్గ్ మండలమున ఇనుమును సూచించు రంగును గమనించి, వెల్డ్ అను అమెరికను నిపుణునితో ఆ కొండల కేగెను; నడచునప్పుడు కాలిక్రింద నేల లోహమువలె మ్రోగినదని ఆ కథ చెప్పువారందరును చెప్పుదురు. బొగ్గు, నీరు, రాయి ఒక్కచోట సమకూడక వారు మయూరభంజమువైపు మరలిపోయిరి. రాజహరా కొండలు మఱి యేబదియేండ్లు వేచియుండవలసి వచ్చెను.

శివనాథ్ ఇసుకతిన్నెలపై

మా నగరమునకు పడమట, దుర్గ్ పట్టణము నానుకొని శివనాథ్ నది ప్రవహించుచున్నది. మహానదికి ఉపనదులలో ఇది పెద్దది; ఖారున్, తాందులా, మనియారీ, అర్పా మొదలగునవి దీనిలో గలియును. వర్షాకాలమున దీనిని సమీపింపరాదు. మాఘ ఫాల్గుణములలో నీరు తీసి, గులకరాళ్ళ దిబ్బలు ఎండకు బయటపడినప్పుడు, ఉదయపు వాలు వెలుగులో చేతికఱ్ఱతో నడచిన వానికి ఆ నది చూపని వస్తువు లేదు. ఆ బాలుని వెంటబెట్టుకొని నేను పోయినది అప్పుడే.

వానికి మొదట నేర్పినది ఒక్కటే మాట: నదిలో దొరకిన రాయి నదిలో పుట్టినది కాదు. అది ఎగువనుండి కొట్టుకొని వచ్చినది. ఎంత గుండ్రముగా నున్నదో అంత దూరము, లేక అంత కాలము, దొర్లినది. కోణములు వాడిగా నున్న రాయి దగ్గరిది. కావున రాయి పేరు తెలియవలెనన్నచో ముందు నది పుట్టిన ఊళ్ళు తెలియవలెను. శివనాథ్ ఎగువ రాజనాందగావ్ వైపు, డోంగర్‌గఢ్ గ్రానైట్ కొండలు కలవు. వాని వయస్సు రెండువందల కోట్ల సంవత్సరములకు పైబడినది. వానినుండి వచ్చినవి గులాబివన్నె తెలుపు నలుపు పలుకులు కలసిన గుండ్లు. పాత అగ్నిపర్వతముల లావా గట్టిపడి ఏర్పడిన రాళ్ళు ముదురెఱుపుగా, సన్నని ముఖముతో నుండును. తెల్లని పలుగురాయి ఎల్లెడల నుండును. ఎఱ్ఱచార, ఉక్కువంటి నల్లచార, మరల ఎఱ్ఱచారగా నున్న రాయి దొరకినచో అది ఇనుపరాతి కుటుంబము. చేతిలో నుంచగానే దాని బరువే చెప్పును. ఈ మొదటి మూడింటిలో, భూగర్భపు వేడిలో పుట్టినవి గనుక, శిలాజము వెదకుట వ్యర్థము. శిలాజమును వెదకవలసినది ఒండ్రుతోను, ఇసుకతోను, సున్నముతోను ఏర్పడిన పొరరాళ్ళలో.

పరీక్షల కొఱకు ప్రయోగశాల అక్కరలేదు. మా సంచిలో నున్నవి ఒక నిమ్మకాయ, ఒక చాకు, ఒక సూదంటురాయి, పగిలిన పింగాణి పలక ముక్క, చేతి భూతద్దము. రాతిని చాకుతో కొంచెము గీకి, ఆ పొడిపై నిమ్మరసము పిండినప్పుడు సన్నని బుడగలు లేచినచో అది సున్నపురాయి. డోలమైట్ అయినచో బుడగలు లేచీ లేవనట్లుండును. చాకు గీటు రాతిపై పడక, రాతి గీటే చాకుపై పడినచో అది పలుగుజాతి. పింగాణి పలక వెనుకవైపు, మెరుగుపూత లేనిచోట, రాతిని గీచినచో, పైకి నల్లగా నున్న హెమటైట్ ఎఱ్ఱని గీటును, మాగ్నటైట్ నల్లని గీటును విడుచును. కంసాలి బంగారమును గీటురాతిపై గీచి చూచినట్టిదే ఈ విద్యయు. వస్తువు మారినది, చూపు ఒక్కటే. భూతద్దముతో చూడవలసినది రాతి నునుపుముఖమును కాదు, కొత్తగా పగిలిన ముఖమును. తడిపి చూచినచో చారలు, రేకలు, పొరలు నాలుగింతలు స్పష్టమగును. అందుకే నదివద్ద అందముగా నున్న రాయి ఇంటికి వచ్చి ఆరిన తరువాత చిన్నబోవును.

మోసపుచ్చువానిలో అగ్రస్థానము మా ఊరి చిట్టెమునకే ఈయవలెను. నల్లగా, నీలముగా, ఆకుపచ్చగా, గాజువలె నిగనిగలాడుచు, లోపల నంతయు నురుగు బుడగల గుంతలతో నుండు ముద్ద యొకటి వాగుగట్టున దొరకగానే, ఉల్కయని దానిని గుడ్డలో చుట్టుకొని తెచ్చినవారిని మా పేటలోనే పలువురిని చూచితిని. వారి ఆనందమును చెఱచుట నాకెప్పుడును కష్టముగనే యుండెడిది. ఐనను కర్మాగారమున అన్నము తిన్నవాడను గనుక చెప్పక తప్పదు. ఉల్కలలో ఇట్లు బుడగల గుంతలు దాదాపుగా నుండవు; ఆకాశమునుండి దిగునప్పుడు కాలి ఏర్పడిన పలుచని నల్లపొర దాని చుట్టును తొడుగువలె నుండును; చాలవానికి సూదంటురాయి అంటును; పరిమాణమునకు మించిన బరువుండును. బుడగలు, గాజుమెరుగు, వింతరంగులు, ఇవి యన్నియు కొలిమి సంతకములు. ఐనను చిట్టెమంతయు మన కర్మాగారముదే యనుట పొరపాటు. ఈ అడవులలో అగరియాలు తరతరములుగా మట్టికొలుములలో తిత్తులూది ఇనుము తీసినవారు. వారి జీవితముపై వెరియర్ ఎల్విన్ 1942లో ఒక గ్రంథమునే ప్రకటించెను. అడవివాగున దొరకిన బరువైన, రంగుమాసిన, బొగ్గుముక్క అంటుకొన్న పాత చిట్టెము వారిది కావచ్చును; అట్టిది ఉల్క కాకున్నను, పారవేయదగినది కాదు.

రెండవ మాయ పలకరాతిపై నల్లని ఆకువలె పరచుకొన్న రేఖలది. కొమ్మ, రెమ్మ, ఈనె అన్నియు నున్నట్లే తోచును. చూచినవాడు ఫెర్న్ మొక్క యని ప్రమాణము చేయును. అది రాతి పగులులో చొరబడిన నీరు విడిచిన మాంగనీసు మరక. నిజమైన ఆకునకు నడిమి యీనె యుండును, కొలతయుండును, అంచుండును. ఈ మరకకు పగులున్నంతమేర ప్రాకుట తప్ప అంచు అనునది లేదు. గుడ్డువంటి గుండ్రని సున్నపుముద్దను పగులగొట్టి చూచినచో లోపల నొక ఇసుకరేణువు చుట్టును పొరలు పేరుకొన్నట్లుండును; అది గుడ్డు కాదు. ఎండిన చెఱువు నెఱ్ఱెలు, నీటియలల నొరవడి, ఇవియు రాళ్ళపై నిలిచిపోవును. ఇవి ప్రాణి గుర్తులు కావు గాని, ఒకనాటి ఎండకును ఒకనాటి అలకును గుర్తులు. నా మట్టునకు శంఖమునకు తీసిపోవు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. శివనాథ్ గట్టు సున్నపురాతిలోనే శంఖము దొరకినదని ఎవరైన తెచ్చినచో నమ్మరాదు. గుల్లగల ప్రాణులు లోకమున విస్తరించి దాదాపు 54 కోట్ల సంవత్సరములే యైనది. ఈ రాయి వానికంటె ఎంతో ముందుది. పుట్టని బిడ్డ పాతయింటిలో ఆడినట్లు చెప్పిన నమ్ముదుమా? వారు తెచ్చినది నేటి నది ఆల్చిప్పయై యుండును, లేక పొరరాతి వంకరయై యుండును. కాని నది ఒడ్డున ఎత్తుగా నిలిచిన పాత ఒండ్రుమట్టి గట్ల సంగతి వేరు. 1982లో నర్మదాతీరమున హథ్నోరా గ్రామమువద్ద అరుణ్ సోనకియా ప్రాచీనమానవుని కపాలఖండమును కనుగొన్నది అట్టి నదీనిక్షేపములలోనే. కావున ఒండ్రుగట్టున బరువెక్కి, రంగుమారి, నాలుకకు తగిలించినచో అంటుకొను ఎముక కనబడినప్పుడు, త్రవ్వక, కదలింపక, తెలిసినవారికి చెప్పుటయే చేయదగిన పని.

దేవతార్చన పెట్టెలోని నదులు

ఒకనాటి సాయంకాలము ఆ బాలుడు మా పూజగదిలో సంపుటమునందున్న సాలగ్రామమును చూచి, "ఇది కూడా నాచేనా?" అని యడిగెను. ఆ ప్రశ్న నన్ను చాలసేపు మాటాడనీయలేదు.

నదిరాళ్ళను గుర్తించు శాస్త్రము మనకు పడమటినుండి వచ్చినదని తలచుచుందుము. ఐనను మన తాతముత్తాతల పంచాయతన పూజను తలచుకొనుడు: విష్ణువునకు గండకీనది సాలగ్రామము, శివునకు నర్మద బాణలింగము, గణపతికి శోణభద్ర నదిలోని ఎఱ్ఱరాయి, అంబికకు స్వర్ణముఖీశిల, సూర్యునకు స్ఫటికము. అయిదింటిలో నాలుగు ఫలానా నదిలోనివే కావలెనని పేరుపెట్టి చెప్పిన నియమమిది. అందులో స్వర్ణముఖి శ్రీకాళహస్తి గుడి ప్రక్క ప్రవహించు మన నది. నర్మదయు శోణయు పుట్టినది ఈ ఛత్తీస్‌గఢ్ అంచుననే, అమరకంటక పరిసరములలో. ఏ నదిలో ఏ రాయి దొరకును, దాని రంగేమి, నునుపేమి, గుర్తేమి యని తరతరములుగా భద్రపరచుకొన్న జాతికి, రాతిని చూచు కన్ను లేదనుట అన్యాయము.

సాలగ్రామము నాచు కాదు. నేపాళమున, ముక్తినాథ పరిసరములందు, నల్లని పలకరాతి ఉండలలో ఇమిడిన అమ్మొనైట్ అను సముద్రప్రాణి గుల్ల అది. వయస్సు ఇంచుమించు పదునైదు కోట్ల సంవత్సరములు. హిమాలయములు లేని కాలమున అచ్చట పరచుకొని యున్న సముద్రము, కొండలు లేచునప్పుడు తన ప్రాణులతో సహా ఆకాశమున కెత్తబడగా, గండకి ఆ కొండలను కోసి ఉండలను దొర్లించి క్రిందికి దించుచున్నది. లోపలి చుట్ల గీతలే మనము కొలిచెడి చక్రములు. ఆ చక్రములను వజ్రకీటమను పురుగు తొలిచినదని పురాణములు చెప్పును. తొలిచినదా, తానే చుట్టగా పెరిగినదా యన్న భేదమును ప్రక్కన బెట్టినచో, ఆ రాతిలో నొక ప్రాణి యున్నదని మన పెద్దలు ఎఱిగియుండిరి గదా! దానిని కాలితో తొక్కగూడదనియు, అభిషేకము చేయవలెననియు వారు నిర్ణయించుటలో నాకొక గొప్ప ఔచిత్యము కనబడుచున్నది. మా తల్లిగారు బండపై పద్మములను తొక్కకపోవుటయు ఆ సంస్కారమే.

హస్దేవ్ గట్టున ఆల్చిప్పలు

శంఖమును ఆల్చిప్పను చూడవలెనన్న ఆ బాలుని కోరిక తీర్చుటకు ఫాల్గుణమున, వాని తల్లిదండ్రులతో కలసి, మేము రాష్ట్రపు ఉత్తరపు కొసనున్న మనేంద్రగఢ్ పట్టణమునకు పోతిమి. చిరిమిరి బొగ్గుగనుల దారిలో నున్న చిన్న ఊరది. ఊరి ప్రక్కగా హస్దేవ్ నది పారుచున్నది. శివనాథ్‌వలెనే అదియు కడకు మహానదిలో కలియును. అచ్చట, హసియా నాలా వచ్చి కలియు చోట, 1954లో ఎస్.కె. ఘోష్ అను శాస్త్రజ్ఞుడు సముద్రజీవుల శిలాజములను కనుగొనెను. 1982లో భూగర్భ సర్వేక్షణ సంస్థ దానిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకముగా ప్రకటించినది.

సముద్రము వందల మైళ్ళ దూరమున నుండగా, ఇప్ప, సాల వృక్షముల నడుమ, ఆకుపచ్చ చాయగల పొరరాతిపై, చేటలో ఆరబోసిన పప్పువలె చిక్కగా పరచియున్న ఆల్చిప్పల యచ్చులను మొదట చూచిన క్షణమున నేను కూర్చుండిపోయితిని. ఇవి ఊరక గీతలు కావు. చిప్ప కీలుండు మూల, అంచువరకు వ్యాపించిన గాళ్ళు, ఒక్కొక్క సంవత్సరపు పెరుగుదలను చూపు వంకలు, అన్నియు కలవు. ప్రాణి యైనదానికి లక్షణ మిదియే: ఒక కొలత, ఒక సౌష్ఠవము, ఒకే నమూనా పదిచోట్ల పదియై మరల కనబడుట. వీనిలో యూరీడెస్మా, అవికులోపెక్టెన్ అను రెండు జాతుల చిప్పలు ముఖ్యములు. వానితో పాటు నత్తజాతివి, సముద్రపు కలువ యనబడు క్రైనాయిడ్ కాడల ముక్కలు మొదలగునవియు దొరకినవి.

వీని వయస్సు ఇంచుమించు 28 కోట్ల సంవత్సరములు. అప్పుడు మన దేశము దక్షిణధ్రువమునకు చేరువగా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా, దక్షిణ అమెరికాలతో నొక్క ముద్దగా నుండెను. ఆ మహాఖండమునకు గోండులు నివసించిన గోండ్వానా పేరే లోకమంతయు వాడుచున్నది. 1872లో మెడ్లికాట్ ఈ పేరును మన శిలల కిచ్చెను. ఆ కాలమున ఇచ్చటి నేలపై మంచుగడ్డ లుండెను. 'తాల్చేరు' శ్రేణి యనబడు ఈ రాళ్ళలో, మెత్తని ఒండ్రు నడుమ ఎక్కడిదో పెద్ద గుండొకటి చొచ్చుకొని యున్నచో, అది తేలియాడు మంచుగడ్డనుండి జారిపడినదని గ్రహించవలెను. మంచు కరగి, సముద్రమట్టము పెరిగి, ఒక సన్నని పాయ ఈ లోతట్టు నేలలోనికి చొచ్చుకొని వచ్చినప్పుడు, దానితో ఈ చలినీటి చిప్పలు వచ్చినవి. యూరీడెస్మా ఆస్ట్రేలియాలోను, ఆఫ్రికాలోను, దక్షిణ అమెరికాలోను కూడ దొరకుచున్నది. ఒకే చలిసముద్రము వీనినన్నిటిని తాకినదనుటకు హస్దేవ్ గట్టు సాక్ష్యము. ఫాల్గుణపు ఎండకు చెమటలు కారుచుండగా ఆ బాలునితో "ఇక్కడ ఒకప్పుడు మంచు ఉండేదిరా" అనగా, వాడు రాతిపై చేయివేసి చూచి, "ఇప్పుడు కాలుతోంది తాతయ్యా" అనెను.

ఆ సముద్రము మరలిపోయిన తరువాత అదే నేలపై చిత్తడి యడవులు పెరిగి, బొగ్గుగా మారినవి. చిరిమిరి బొగ్గు అదే. 1871లో విలియం కింగ్ ఇల్లెందు చెంత కనుగొన్న మన సింగరేణి బొగ్గును ఆ గోండ్వానా సంతతియే. ఇంకను పైపొరలలో, ప్రాణహిత గోదావరులు కలియు సీమలో, మహాకాయములైన ప్రాణుల ఎముకలు బయల్పడినవి. కోట, మలేరి ప్రాంతముల శిలాజములను సేకరించి లోకమునకు తెలిపినవారిలో స్టీఫెన్ హిస్లాప్ అను నాగపురపు మిషనరీ యొకడు. ఆయన 1863లో ఒక వరదవాగు దాటుచు మునిగి మరణించెను. ఆ మహాకాయములలో బరాపాసారస్ యను సరీసృపమునకు, రవీంద్రనాథ్ శతజయంతి సంవత్సరమును స్మరించి, 'టాగోరి' అని నామకరణము చేసిరి. యామన్‌పల్లి యను మన తెలుగుపల్లె పేరు 1988లో పి. యాదగిరి వర్ణించిన కోటసారస్ పేరున శాశ్వతమైనది. దాని అస్థిపంజరమును హైదరాబాదు బిర్లా విజ్ఞానకేంద్రమున నిలిపియున్నారు. పిల్లలను తీసికొనిపోయి, ఆ పల్లె ఎచ్చట నున్నదో పటములో చూపి, తరువాత ఎముకలు చూపుడు.

మనేంద్రగఢ్‌లో ఆ బాలుడు ఒక చిప్పరాతిని చేతి కెత్తుకొని చాలసేపు విడువలేదు. దానిని ఇంటికి తెచ్చుకొనగూడదని చెప్పుట నాకు సులభము కాలేదు, వినుట వానికి సులభము కాలేదు. కాని రాయి తానున్న పొరనుండి విడివడినచో, ఏ పొరలోనిది, దేని ప్రక్కది, ఏ ముఖము పైకి నున్నది అన్న సమాచారమంతయు పోయి అలమారులో వస్తువు మాత్రము మిగులును. ఇట్టి స్థలముల రక్షణకై 2022లో కేంద్ర గనుల మంత్రిత్వశాఖ ఒక ముసాయిదా బిల్లును ప్రకటించినది. చట్టము వచ్చువరకు కాపలా మన చేతులదే. వాడు దానిని తీసినచోటనే, తీసినట్లే బోర్లించి, ప్రక్కన ఒక రూపాయి నుంచి ఫోటో తీసికొని, నోటుపుస్తకములో తేదీ, స్థలము, ఏ వైపు గట్టు అని వ్రాసికొనెను. శివనాథ్‌లో దొర్లివచ్చిన గులకరాళ్ళ విషయమున నాకంత పట్టింపు లేదు. అవి యెట్లును తమ యిల్లు విడిచి వచ్చినవే. ఆ రాళ్ళు నేడు వాని కిటికీలో వరుసగా, ఒక్కొక్కదానికి కాగితపు చీటీతో నిలిచియున్నవి.

ఇంటికి చేరిన మఱునాడు వాడు నిమ్మచెక్కతో మా గడపవద్దకు వచ్చెను. పద్మములను గీకుటకు నేనొప్పుకొనలేదు. బండ అంచున, ఎవరికిని కనబడనిచోట, చాకుమొనతో కొంచెము గీకనిచ్చితిని. రసము పడగానే సన్నని బుడగలు చిటచిట లేచినవి. నూరు కోట్ల సంవత్సరముల క్రిందట సముద్రజలములో కరగి, నాచు పొరలలో సున్నముతో కట్టుబడిపోయిన వాయువే ఇప్పుడు విడివడుచున్నదనియు, బ్లాస్ట్ ఫర్నేస్‌లో సున్నపురాయి విడుచునదియు ఇదియే యనియు వానికి చెప్పితిని. వాడు ముఖము బండకు దగ్గరగా దించి, చెవి యొగ్గి, ఆ బుడగలు అణగిపోవు వరకు వినెను. తరువాత లేచి, లోపలినుండి మా ఆవిడను ముగ్గుపిండి అడిగి తెచ్చి, తనకు చేతనైనట్లు, ఒక పద్మము చుట్టును వంకర చుక్కలు పెట్టెను.